ఆముదంలో ఒక్క ఓ-హెచ్: పర్లాకిమిడి డాబా మీద ప్రయోగాల డైరీ

నవంబరు 14

మా మేనకోడలి బడిలో జనవరి ఆఖరున సైన్సు ప్రదర్శన. తనకూ, తన ఇద్దరు స్నేహితులకూ "రసాయన బంధాల ధ్రువత" అనే అంశం ఇచ్చారు. ముగ్గురూ పదో తరగతి, సాయంత్రాలు మా ఇంటికే ట్యూషన్‌కి వస్తారు. పని నా మీద పడింది, పడినందుకు నాకు సంతోషంగానే ఉంది. బీఎస్సీలో బట్టీపట్టి వదిలేసిన పాఠం ఇది. ఈసారి చేత్తో చేసి చూడాలి. ఏ రోజు ఏం చేశామో, ఏది కుదిరిందో, ఏది చెడిందో ఇందులో రాస్తాను.

మాది ఒడిశాలో, మహేంద్రతనయ నది ఒడ్డున ఉన్న పర్లాకిమిడి. పక్కనే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఈ పిల్లలు బడిలో ఒడియాలో చదువుతారు, ఇంట్లో తెలుగు మాట్లాడతారు. ధ్రువం అన్న మాట రెండు భాషల్లోనూ ఉండటం కలిసొచ్చింది. కొత్త మాట నేర్పే బాధ తప్పింది, అర్థం చెప్తే చాలు.

అర్థానికి కావిడి పనికొచ్చింది. కావిడికి ఒకవైపు బరువు ఎక్కువైతే మోసేవాడి భుజం బద్ద మధ్యలో ఉండదు, బరువు వైపుకి జరుగుతుంది. రెండు పరమాణువులను కలిపే బంధంలో ఎలక్ట్రాన్ల జత కూడా అంతే. ఏ పరమాణువు గట్టిగా లాగితే దాని దగ్గరకు జరుగుతుంది. ఆ లాగే బలానికి అంకెలు వేసే పద్ధతిని రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ 1932లో పెట్టాడు. ఇప్పుడు వాడే అంకెలు: హైడ్రోజన్ 2.20, కర్బనం 2.55, ఆక్సిజన్ 3.44. కర్బనం-హైడ్రోజన్ మధ్య తేడా 0.35, జత దాదాపు మధ్యలోనే ఉంటుంది. ఆక్సిజన్-హైడ్రోజన్ మధ్య 1.24. ఆ జత ఆక్సిజన్ పక్కకే చేరిపోతుంది. ఆక్సిజన్ వైపు కొంచెం రుణావేశం, హైడ్రోజన్ వైపు కొంచెం ధనావేశం.

"చార్టు మీద ఇది గీసి పెట్టేస్తే అయిపోతుంది కదత్తా" అంది మేనకోడలు. అవ్వదన్నాను.

నవంబరు 17

పొద్దున్నే వాకిట్లో ముగ్గు పిండితో బాణాలు వేశాం. ఒక్కో ఓ-హెచ్ (ఆక్సిజన్-హైడ్రోజన్) బంధానికి 15 సెంటీమీటర్ల బాణం, ఎందుకంటే ఆ బంధం ద్విధ్రువ భ్రామకం, అంటే దాని ధ్రువత కొలత, సుమారు 1.5 డిబై. రెండు బాణాల మధ్య కోణం 104.5 డిగ్రీలు, నీటి అణువుది. సమాంతర చతుర్భుజం పూర్తి చేసి కర్ణాన్ని టేపుతో కొలిస్తే పద్దెనిమిదిన్నర సెంటీమీటర్లు. పుస్తకంలో నీటి అణువు మొత్తం భ్రామకం 1.85 డిబై. ముగ్గు గీతల్లోంచి ఆ అంకె వచ్చేసరికి ముగ్గురూ మళ్లీ మళ్లీ కొలుచుకున్నారు.

తర్వాత అవే బాణాలను ఎదురెదురుగా, 180 డిగ్రీల్లో వేయించాను. మిగిలింది సున్నా. బొగ్గుపులుసు వాయువు అణువు ఇలాగే ఉంటుంది. దానిలో రెండు బంధాలకూ ధ్రువత ఉంది, అణువుకు లేదు. పిల్లలకు ఇక్కడే తికమక. "బంధానికి ఉంటే అణువుకి ఎందుకుండదు?" అని వాళ్లలో కుర్రాడు పట్టుబట్టాడు. ఒక కర్బనం చుట్టూ నాలుగు క్లోరిన్లు ఉండే కార్బన్ టెట్రాక్లోరైడ్ కోసం నాలుగు బెలూన్లు ఊది మెడలు కలిపి కట్టాం. అవి వాటంతట అవే నాలుగు మూలలకు సర్దుకున్నాయి. ఎటు తిప్పినా ఒకేలా ఉంది. అది చూశాక వాడు నోరెత్తలేదు, కాసేపు బెలూన్లనే తిప్పుతూ కూర్చున్నాడు.

నాకు చాలా ఇష్టమైన జంట ఒకటుంది, దాన్ని కూడా చెప్పాను. అమ్మోనియాలో కంటే నైట్రోజన్ ట్రైఫ్లోరైడ్‌లో బంధాలు కాస్త ఎక్కువ ధ్రువమైనవి. అయినా అమ్మోనియా భ్రామకం 1.47 డిబై, ట్రైఫ్లోరైడ్‌ది 0.23 మాత్రమే. నైట్రోజన్ తల మీద, ఏ బంధంలోనూ లేని ఒంటరి ఎలక్ట్రాన్ల జత అమ్మోనియాలో బంధాలతో కలిసి లాగుతుంది, ట్రైఫ్లోరైడ్‌లో వాటికి ఎదురు లాగుతుంది.

డిబై అన్న కొలమానం పీటర్ డిబై పేరు మీద వచ్చింది. ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ వచ్చింది 1936లో. మన ఒడిశా ఏర్పడిన సంవత్సరమే కాబట్టి పిల్లలు మరిచిపోరు.

నవంబరు 22

అందరూ చేసే ప్రయోగం: సన్నటి నీటి ధార పక్కన ఆవేశం ఉన్న దువ్వెన పెడితే ధార వంగుతుంది.

మన ఊరు కొమ్ము పనికి పేరున్నది కదా, ఇంట్లో పాత కొమ్ము దువ్వెన ఉంది. దానితోనే మొదలుపెట్టాం. ఎంత దువ్వినా ధార కదల్లేదు. ఆలోచిస్తే కారణం తెలిసింది. కొమ్ములో ఉన్నది కెరటిన్ అనే ప్రొటీన్, జుట్టులో ఉన్నదీ కెరటిన్. రెండూ ఒకే జాతి పదార్థమైతే ఒకదాని నుంచి ఒకటి ఎలక్ట్రాన్లు పెద్దగా లాక్కోవు. కొమ్ము దువ్వెనతో దువ్వితే జుట్టు లేవదని అమ్మ ఎప్పుడూ అంటుంది, దాని వెనక సంగతి ఇది.

కరెంటు పనివాళ్లు వాడే పీవీసీ పైపు ముక్క తీసుకుని, చిరిగిన బరంపురం పట్టు చీర ముక్కతో రుద్దాం. ధార వేలెడంత వంగింది. "ఏటత్తా ఇది, పాములా తిరిగిపోతోంది!" అని మేనకోడలు కేక. కిరసనాయిలు ధార మాత్రం కదల్లేదు. పిల్లలు వెంటనే నోటు పుస్తకంలో రాసేసుకున్నారు: నీరు ధ్రువం కాబట్టి వంగింది, కిరసనాయిలు అధ్రువం కాబట్టి వంగలేదు.

నాకు నిద్ర పట్టలేదు. పైపు నీటి అణువులో ఒక కొనను లాగుతుంది, రెండో కొనను నెడుతుంది. ఆ రెండూ దాదాపు సమానం. అణువు తిరిగి నిలబడుతుంది సరే, మొత్తం ధార అంత దూరం జరగడానికి ఆ చిన్న తేడా సరిపోతుందా?

నవంబరు 25

సరిపోదట. 2000 సంవత్సరంలో జర్నల్ ఆఫ్ కెమికల్ ఎడ్యుకేషన్‌లో ఈ ప్రయోగం మీదే ఒక వ్యాసం వచ్చింది. ధార వంగడానికి అసలు కారణం నీరే ఆవేశం పొందడం అని అందులో ఉంది. పైపు మీద రుణావేశం. దాన్ని దగ్గరకు తెస్తే నీటిలో ఎప్పుడూ ఉండే అయాన్లలో (ఆవేశం ఉన్న కణాల్లో) రుణ అయాన్లు పైకి, గిన్నె వైపు తప్పుకుంటాయి. కింద ధార కొసన ధన అయాన్లు మిగులుతాయి. అక్కడే ధార చుక్కలుగా తెగితే ఆ ధనావేశం చుక్కతో వెళ్లిపోతుంది. ధనావేశం ఉన్న చుక్కను రుణావేశం ఉన్న పైపు లాగుతుంది.

చదివింది చదివినట్టు పిల్లలకు అప్పజెప్పడం నాకు ఇష్టం లేదు. చుక్కలకు నిజంగా ఆవేశం ఉంటే పట్టుకోవచ్చు.

జాము సీసా మూతకు రాగి తీగ దూర్చి, కొసన టిఫిన్లు చుట్టే అల్యూమినియం రేకు ముక్కలు రెండు వేలాడదీశాం. ఆవేశం వస్తే రేకులు విడిపోతాయి. థర్మాకోల్ ముక్క మీద ఖాళీ డబ్బా పెట్టి, దాన్ని తీగతో ఈ సీసాకు కలిపాం. పైన గిన్నెకు సెలైన్ సెట్ గొట్టం. దాని చక్రం తిప్పితే ధారను ఎంత సన్నగా కావాలంటే అంత చేసుకోవచ్చు.

పైపు దగ్గరకు తేగానే రేకులు విడిపోయాయి. పిల్లలు చప్పట్లు కొట్టారు. పైపు తీసేస్తే మళ్లీ మూసుకుపోయాయి. అంటే అది డబ్బాలోకి వచ్చిన ఆవేశం కాదు, పైపు దగ్గర ఉండటం వల్ల కనిపించిన మాయ. పైపును తీసేశాక కూడా రేకులు తెరుచుకునే ఉండాలి. అప్పుడే లెక్క.

డిసెంబరు 3

వారం రోజులు బంగాళాఖాతంలో అల్పపీడనం. గాలంతా తేమ. పైపును చేతులు నొప్పి పుట్టేలా రుద్దినా ఆవేశం నిలవలేదు. ఈ రోజులన్నీ వృథా.

డిసెంబరు 7

ఎండ కాసింది. మధ్యాహ్నం రెండింటికి డాబా మీద మళ్లీ మొదలుపెట్టాం.

తప్పు ఎక్కడుందో ఈసారి కనిపించింది. మా ధార డబ్బా దాకా తెగకుండా వస్తోంది. తెగని నీటి ధార తీగ లాంటిది, డబ్బాలోకి వచ్చిన ఆవేశం దాని వెంటే తిరిగి గిన్నెలోకి ఎక్కిపోతుంది. సెలైన్ చక్రం బిగించి ధారను బాగా సన్నబరిచాం, గిన్నెను స్టూలు మీద ఇంకో అడుగు ఎత్తాం. ధార గొట్టం కింద నాలుగు వేళ్ల దూరంలో చుక్కలుగా తెగింది. అక్కడే, తెగే చోట, పైపు పెట్టాం.

ఒక నిమిషం తర్వాత పైపు తీసేసి దూరంగా పెట్టించాను. రేకులు విడిపోయి అలాగే ఉన్నాయి. రుద్దిన పైపును మళ్లీ సీసా దగ్గరకు తెస్తే దగ్గరకు ముడుచుకున్నాయి. అంటే డబ్బాలో ఉన్నది పైపుకి వ్యతిరేకమైన ఆవేశం, ధనావేశం. లార్డ్ కెల్విన్ 1867లో నీటి చుక్కలతో కరెంటు పుట్టించిన యంత్రం వెనక ఉన్న సూత్రమే ఇది. కిరసనాయిలుతో ఇదే చేశాం, రేకులు ముడుచుకునే ఉన్నాయి.

పిల్లలు నవంబరు 22న రాసుకున్న వాక్యాన్ని కొట్టేయించాను. కుర్రాడికి కష్టమేసింది. "అయితే ఇన్నాళ్లూ చేసింది తప్పేనా మేడమ్?" అని అడిగాడు. ప్రయోగం తప్పు కాదు, మనం చెప్పిన కారణం తప్పు అన్నాను. పైగా ధ్రువతకు ఇందులో పాత్ర లేకపోలేదు. నీటి అణువులకు ధ్రువత ఉంది కాబట్టే అవి అయాన్లను చుట్టుముట్టి విడివిడిగా నిలబెట్టగలవు. కిరసనాయిలు ఆ పని చేయలేదు, అందుకే దానిలో కదలడానికి అయాన్లు లేవు. ధార వంపులో ధ్రువత ఉంది, కానీ రెండడుగులు వెనక ఉంది. దాన్ని ముందుకు తెచ్చి చూపించే ప్రయోగం ఇంకొకటి కావాలి.

డిసెంబరు 12

నూనెలు తీసుకుందాం అనుకున్నాను. నూనె, నీరు కలవవని అందరికీ తెలుసు, అందులో కొత్తేం లేదు. నూనెకీ నూనెకీ తేడా చూపిస్తే బాగుంటుంది.

ఆముదం గుర్తొచ్చింది. ఒడియాలో జొడా తేలొ. ఈ చుట్టుపక్కల కొండ ఊళ్లలో పండుతుంది, సంతలో దొరుకుతుంది. మిగతా వంట నూనెల్లాగే ఇదీ గ్లిజరాల్‌కు మూడు కొవ్వు ఆమ్లాల గొలుసులు కట్టిన అణువు. కానీ ఆముదంలోని కొవ్వు ఆమ్లాల్లో 85 నుంచి 90 శాతం రిసినోలియిక్ ఆమ్లమే. దాని గొలుసులో 18 కర్బనాలు, పన్నెండో కర్బనం మీద ఒక ఓ-హెచ్. మిగతా నూనెల గొలుసుల్లో ఆ చోట ఉత్త హైడ్రోజనే. ఈ ఒక్క తేడా ఏం చేస్తుందో చూడాలి.

పోలికకు కొబ్బరి నూనె పెడదామంటే చలికి సీసాలో గడ్డకట్టి ఉంది. నువ్వుల నూనె తీసుకున్నాం.

డిసెంబరు 14

వడ్రంగులు లక్క పాలిష్‌కి వాడే స్పిరిట్ కొన్నాం, అది ఆల్కహాలే. అది తాగితే ప్రాణం పోతుంది, మంట దగ్గర పెడితే అంటుకుంటుంది. పిల్లల చేతికి సీసా ఇవ్వలేదు, పొయ్యి ఉన్న గదిలోకి తీసుకెళ్లలేదు.

పరీక్షనాళికలో పది మిల్లీలీటర్ల స్పిరిట్, మూడు మిల్లీలీటర్ల ఆముదం. ఊపితే పాలలా తెల్లబడింది, తర్వాత అడుగున పొరగా దిగింది. నువ్వుల నూనె కూడా దిగింది. తేడా లేదు! పుస్తకాలన్నీ ఆముదం ఆల్కహాల్‌లో కరుగుతుందనే చెప్తున్నాయి. రాత్రంతా టెన్షన్.

డిసెంబరు 15

స్పిరిట్ మీద అనుమానం వచ్చింది. సరిగ్గా వంద మిల్లీలీటర్లు కొలిచి, తెలిసిన బంగారం కొట్టు త్రాసు మీద తూకం వేయించాను. సీసా బరువు పోగా 89 గ్రాములు. 95 శాతం ఆల్కహాల్ అయితే 81 గ్రాములకు అటూఇటూ ఉండాలి. అంటే ఇందులో మూడో వంతు దాకా నీళ్లే. పాలిష్ పనిచేసే బాబాయిని అడిగితే, "అందుకేనమ్మా ఈ మధ్య పాలిష్ తెల్లగా పొడుస్తోంది" అన్నాడు. తన దగ్గరున్న మంచి స్పిరిట్ ఒక సీసా ఇచ్చాడు, డబ్బులు తీసుకోనన్నాడు. దాన్ని తూస్తే 81.

ఈసారి ఆముదం వేసి ఊపగానే కరిగిపోయింది. నాళిక వెనక పేపరు పెడితే అక్షరాలు చదవగలిగేంత తేటగా ఉంది. నువ్వుల నూనె ఎంత ఊపినా మళ్లీ అడుక్కే దిగింది. తేటగా ఉన్న ఆముదం నాళికలో చుక్కచుక్కగా నీళ్లు వేయించాను. కొన్ని చుక్కల వరకు ఏమీ లేదు, తర్వాత ఒక్కసారిగా పాలవిరుగుడు రంగు వచ్చింది. మొన్న మోసం చేసిన స్పిరిట్‌లో జరిగింది ఇదే. చెడిన ప్రయోగం ఇప్పుడు ప్రదర్శనలో ఒక భాగం అయ్యింది.

తిరగేసి కూడా చూశాం. ఒక వంతు నూనెకు మూడు వంతుల కిరసనాయిలు. నువ్వుల నూనె హాయిగా కలిసిపోయింది. ఆముదం మసకబారి, కాసేపటికి వేరే పొర కట్టింది. స్పిరిట్‌లో ఓ-హెచ్ ఉంది, ఆముదంలో ఓ-హెచ్ ఉంది, ఒకదాని హైడ్రోజన్ ఇంకొకదాని ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది. కిరసనాయిల్లో ఉన్నవి ఉత్త కర్బనం-హైడ్రోజన్ బంధాలు. ఆముదం అణువులు దానితో కలవడం కంటే తమలో తాము పట్టుకుని ఉండటానికే మొగ్గుతాయి.

డిసెంబరు 21

ఇంతవరకూ చూసినదంతా కరిగిందా లేదా అన్నదే. ఒక అంకె కావాలి.

అల్యూమినియం రేకు పలకలు రెండు, 10 సెంటీమీటర్ల చదరం. మధ్యలో నాలుగు మూలల ప్లాస్టిక్ ముక్కలు పెట్టి ఒకటిన్నర మిల్లీమీటర్ల సందు ఉంచాం. ఇది కెపాసిటర్, అంటే ఆవేశాన్ని పట్టి ఉంచే సాధనం. మిఠాయి డబ్బాలో పడుకోబెట్టి, మునిగేదాకా నూనె పోసి, మల్టీమీటరుతో కొలవాలి. సందులో ఉన్న అణువులకు ధ్రువత ఉంటే అవి పలకల మధ్య విద్యుత్ క్షేత్రానికి అనుగుణంగా తిరిగి, ఎక్కువ ఆవేశాన్ని పట్టనిస్తాయి. నవంబరులో ధారలో చూద్దామనుకున్న "అణువు తిరగడం" అసలు ఇక్కడ దొరుకుతుంది.

ఎంత ఆవేశం పడుతుందో మీటరు పికోఫారడ్లలో చూపిస్తుంది. తీగల వాటా 12 పికోఫారడ్లు తీసేశాక గాలికి 63, కిరసనాయిలుకు 132, నువ్వుల నూనెకు 192. ఆముదానికి 231. గాలితో భాగిస్తే కిరసనాయిలు 2.1, నువ్వుల నూనె 3.0, ఆముదం 3.7. వరుస బాగుంది కానీ ఆముదానికి నాలుగున్నర దాకా రావాలి.

డిసెంబరు 22

డబ్బాను వెలుతురుకు ఎత్తి చూస్తే పలకల సందులో గాలి బుడగలు. ఆముదం చిక్కన, అవి బయటకు రాలేవు. డబ్బాను ఏటవాలుగా పెట్టి రాత్రంతా వదిలేశాం. పొద్దున్న కొలిస్తే 287. భాగిస్తే 4.6.

పిల్లల చేత పక్కపక్కన రాయించాను. కిరసనాయిల్లో కర్బనం, హైడ్రోజన్ మాత్రమే. నువ్వుల నూనెలో గ్లిజరాల్‌కు గొలుసులను కట్టే, ఆక్సిజన్ ఉన్న ఎస్టర్ ముడులు. ఆముదంలో అవే ముడులు, దానికి తోడు ఓ-హెచ్. మీటరులో అంకె అదే వరుసలో ఎక్కింది. మేనకోడలు ఆ పేజీకి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసుకుంది.

బ్యాటరీ నీళ్లు పోసి చూశాం. నీటికి 25 డిగ్రీల దగ్గర 78 రావాలి. మీటరు పిచ్చి అంకెలు చూపించింది. ఆ నీటిలో మిగిలిన కొద్దిపాటి అయాన్లే పలకల మధ్య కరెంటును దాటించేస్తాయి, ఈ మీటరు దాన్ని కెపాసిటర్‌గా చూడలేదు. నీటి గడి ఖాళీగానే వదిలాం, పుస్తకం అంకె తెచ్చి మన కొలతల పక్కన పెట్టలేదు.

జనవరి 4

ఆముదం ఎందుకంత చిక్కన అన్నది కూడా చూశాం. సైకిల్ బేరింగు గుండును నాళికలో వదిలితే 15 సెంటీమీటర్లు దిగడానికి ఆముదంలో దాదాపు ఐదు సెకన్లు, నువ్వుల నూనెలో అర సెకను కూడా పట్టలేదు. పట్టుకుని ఉన్న ఓ-హెచ్‌లను విడదీసుకుంటూ గుండు దిగాలి.

జనవరి 18

సంక్రాంతి సెలవుల్లో పిల్లలు పూసలతో గొలుసులు గుచ్చారు. కర్బనాలకు నల్ల పూసలు పద్దెనిమిది, పన్నెండో దాని పక్కన ఆక్సిజన్‌కు ఎర్ర పూస, దానికి హైడ్రోజన్‌గా తెల్ల పూస. నువ్వుల నూనె గొలుసుకు ఎర్ర పూస లేదు. రెండిటినీ వాటి నాళికల మీదే వేలాడదీస్తాం. ధార ప్రయోగం కూడా పెడుతున్నాం, కానీ జాము సీసాతో కలిపి. బెలూన్లు ఆ పొద్దున్నే ఊదాలి.

జనవరి 27

ప్రదర్శన అయ్యింది. జనం ఎక్కువ సేపు నిలబడింది స్పిరిట్‌లో నీళ్ల చుక్కలు వేసే చోట. మేనకోడలు ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి చెప్పింది. నేను వెనక నిలబడి విన్నాను, ఎక్కడా అందించాల్సిన అవసరం రాలేదు.

కొండ ఊరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన రెండు నాళికలూ చూసి, "ఇప్ప నూనె వేస్తే ఏమవుతుంది పాపా?" అని అడిగాడు. తను చటుక్కున జవాబు చెప్పలేదు. పూసల గొలుసు వైపు చూసి, "దానికి ఈ ఎర్ర పూస లేదు తాతా, అడుగునే ఉంటుందనుకుంటున్నాను. తెస్తే వేసి చూద్దాం" అంది.

జనవరి 31

ఆయన నిజంగానే మనవడి చేత చిన్న సీసా పంపాడు. చలికి పేరుకుని వెన్నలా ఉంది. వేడి నీళ్లలో సీసా పెట్టి కరిగించి, మూడు మిల్లీలీటర్లు స్పిరిట్‌లో వేశాం. ఊపాం. నువ్వుల నూనెలాగే అడుక్కి దిగింది. మేనకోడలు పట్టికలో ఇంకో వరుస గీసి ఒడియాలో "మహుల తేలొ" అని రాసింది, పక్కన తెలుగులో నేను ఇప్ప నూనె అని రాశాను.